ఆకెత్తే ముందు

…అయినా ఊపిరికి నేరం ఎలా అంటుకుంటుంది? మాటకు అంటుకుంటుంది, సరే. మౌనానికీ అంటుకుంటుందని పోయిన మహాసభలో సమితి తీర్మానించింది, అదీ సరే. కానీ మాటకూ మౌనానికీ మధ్య మనిషి పీల్చి వదిలే ఆ కాస్త గాలి ఏ వర్గానిది?

పోలినాయుడు పళ్లు తోముకుంటూ ఈ ప్రశ్న దగ్గరే తిరుగుతున్నాడు. గోడ కొక్కేనికి వేలాడుతున్న అతని కంఠపూస ఈలోగా అతని తరఫున ఉదయపు హాజరు చెబుతోంది.

"కామ్రేడ్ పోలినాయుడు, నీటిగోడ వాడ, హాజరు! విచ్ఛిన్నకారులు నశించాలి! సరైన పంథా వర్ధిల్లాలి!"

ఎంత ఉత్సాహం దానికి! పూస తన గొంతు నేర్చుకున్నప్పుడు అతను పడుచువాడు. అతనికి వయసొచ్చింది గాని పూసకు రాలేదు. వాడలో ప్రతి ఇంటి నుంచీ పూసలు అరుస్తున్నాయి. వాటి యజమానులు పొయ్యి ముట్టిస్తున్నారు, బిడ్డలకు జడలు వేస్తున్నారు, కొందరు ఇంకా దుప్పటి కప్పుకొనే ఉన్నారు.

పూసలు వచ్చిన కొత్తలో జనం వాటిని నిజంగానే ప్రేమించారు. రోజంతా రేవులో పనిచేసి, సాయంత్రం వాడ సభలో నినాదాలిచ్చి, మళ్లీ పొద్దున్నే హాజరుకు అరిచి అరిచి గొంతులు పుండ్లు పడిన తరం అది. మెడలో నల్లగింజంత పూస కట్టుకుంటే చాలు, అది మన గొంతు నేర్చుకుంటుంది, మన బదులు సభలో అవునంటుంది, దూరాన ఉన్న చుట్టాలను కుశలం అడుగుతుంది. మనిషికి విశ్రాంతి. ఆ విశ్రాంతికి అలవాటుపడి మనుషులు మెల్లగా మాట్లాడటమే మానేశారు. ముసలమ్మలు మాత్రం మానలేదు. పళ్లు లేని నోటి మాట పూసకు పట్టుబడలేదు. వాళ్ల మెడల్లో అది వినడానికే ఉంది.

"వర్ధిల్లాలి" అనగలిగిన పూస "నేను ద్రోహిని" అని కూడా అనగలదని జనానికి తర్వాత తెలిసింది.

తలుపును ఎవరో అరచేత్తో తట్టారు. తీస్తే పక్కింటి చిలకమ్మ.

"నువ్వేనా బాబూ, నీ పూసా?"

"నేనే అత్తా." చాలా రోజులుగా తీయని తలుపు గడియలా కదిలింది అతని గొంతు.

"అమ్మయ్య, నోరున్న మనిషి. సాయంత్రం మా ఇంటికి రా. వాడపెట్టెలో మా గుంటడి మాటొస్తాదంట. ఓ ముద్ద తిని ఎల్దువు గాని."

ఈ సంగతి పోలినాయుడికి తెలుసు. తెలుసని ఆమెకు తెలియదు. చిలకమ్మ కొడుకు రేవులో క్రేను నడిపేవాడు. సమితి రాసుకున్న పేరు శ్రమజీవి. తల్లి పెట్టిన పేరు దేముడు. దేవుడు లేడని తీర్మానం అయిన ఏడే పుట్టాడు గనుక ఆ పేరు చెల్లదని వాడ కార్యదర్శి అంటే, "బయట నేకపోతే నేకపోనీ, మా ఇంట్లో ఉన్నాడు" అందట చిలకమ్మ. పోయిన వానాకాలంలో దేముడి క్రేను కొక్కెం జారి ఒక సరుకు పెట్టె నీళ్లలో పడింది. పెట్టెలో ఉన్నవి తుప్పుపట్టిన మేకులే. అయినా పడటం విచ్ఛిన్నమే; దేముణ్ణి పట్టుకుపోయారు. ఆ వారం రేవులో ఏరివేత జరుగుతోంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతామని మొదలుపెట్టారు. ఇన్నేళ్లకు చేటలో ఏది బియ్యమో ఏరేవాళ్లకే తెలియడం లేదు.

"వాడపెట్టెలో ఆత్మవిమర్శ వినిపించే నాడు భోజనమా అత్తా?"

"మరి దినవారం ఎప్పుడు సెయ్యమంటావు? శవాన్నివ్వరు. సచ్చినాడని సెప్పరు. సావే నేని మనిషికి పెద్దకర్మేటి, కాకేటి? అందుకే పెట్టెలో మాటొచ్చిన్నాడే దినం సేసుకుంటన్నాం. వాడంతా అదే సేస్తన్నారు. నీకు తెల్దేటి? ఏ లోకంలో ఉంటావు నువ్వు?"

అతను ఉండేది స్వరశాలలో. అక్కడి నుంచి ఇంటికి వచ్చి గడియ వేసుకుంటాడు.

"ఆకేసి వడ్డిస్తాం. పెట్టె ముందర కూకుంటాం. ఆ సోదంతా ఎవులింటారు? మధ్యలో ఒక్కటొస్తాది సూడు, దానికోసం. పారమ్మ కొడుకు ముక్కెగబీల్సినాడు. లచ్చుమమ్మ పెనిమిటి, పాపం, పెళ్లాం పేరు సెప్పబోయి గొంతు సకిలించినాడు. అచ్చంగా ఆడిదే. కాకి ముట్టినట్టే అనుకో. అదొచ్చినాకే ఆకెత్తి తలో ముద్దా తింటాం." చిలకమ్మ గొంతు తగ్గించింది, రహస్యం చెబుతున్నట్టు. "ఆ పెబుత్వపోళ్లు ఏటైనా సెప్పించుకోనీ బాబూ. అదొక్కటీ మాత్రం మనోలు దాసుకొని దాసుకొని మనకి పంపుతారు. దాన్నాపడం ఈలికి సేతకానేదు."

పోలినాయుడు తలుపు రెక్క పట్టుకొని నిలబడ్డాడు. పెదవుల మీద నురుగు ఆరిపోయింది.

"మీవాడిది ఏమిటి?" అడిగాడు. అదీ అతనికి తెలుసు.

"ఊదుతాడు. సిన్నప్పుడు నాను సూడనేదు, వేడి వేడి సోడంబలి ఒక్కపాలి నోట్లో పోసీసుకున్నాడు. నాలిక బొబ్బలెక్కిపోనాది. ఊదుకోవాల్రా అయ్యా, ఊదుకోని తాగాలి అని సెప్పినాను. అంతే, ఆ మీదట ఏటి సెప్పాలన్నా ముందు ఊదీవోడు. పెళ్లి సూపుల్లోనూ ఊదినాడు. ఆ పిల్ల నవ్వీసింది." చిలకమ్మ కూడా నవ్వింది. "మాటలన్నీ కాలతాయనుకున్నాడేటో, ఎర్రిబాగులోడు."

"పూస వింటోంది అత్తా," అని కొక్కెం వైపు చూపించాడు.

"ఇననీ. ఇంకేటి పట్టుకుపోతారు? నన్నా? మోసుకెళ్లడం ఆలికే బరువు. సాయంత్రం రా మరి."

*

నీటిగోడ మీద ట్రాము నెమ్మదిగా పోతోంది. ఒక పక్క సముద్రం, ఆ నీటి కింద పాత ఊరు. మరో పక్క కొత్త ఊరి డాబాలు. ట్రాములో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. పూసలు పలకరించుకుంటున్నాయి.

తడబాటు. చిలకమ్మ చెప్పిన ఆ చప్పుడుకు ఆ పేరు పెట్టింది పోలినాయుడే. పూసలు చెప్పిన మొదటి ఆత్మవిమర్శలు నున్నగా ఉండేవి. వాడల్లో పెళ్లాలు వాటిని విని నవ్వారు. మా ఆయన ఇంత చక్కగా మాట్లాడితే నేను ఇంకో ఇద్దరు బిడ్డల్ని కనేదాన్ని కదా అందట ఒకావిడ. సమితి కంగారుపడింది. మనస్తత్వశాస్త్రం చదివిన వాళ్లలో ఇంకా మిగిలి ఉన్నవాడు గనుక పోలినాయుడిని పిలిచారు. అతను చాలాసేపు ఆలోచించి చెప్పింది ఇది: మనిషి మాటలో ఉండడు, మాటకు ముందు ఉంటాడు. మెడలోంచి తీసిన పూసలో ఏళ్ల తరబడి ఇంటి చప్పుళ్లు దాగి ఉంటాయి. వాటిలోంచి ఒక దగ్గో, ముక్కు ఎగబీల్చడమో, ఇంటివాళ్లకు మాత్రమే తెలిసిన ఒక్క తడబాటు తీసి, ఇంటివాళ్ల ప్రస్తావన వచ్చే వాక్యానికి ముందు పెట్టండి. ఇంటివాళ్లు నమ్ముతారు. ఇల్లు నమ్మితే వీధి నమ్ముతుంది.

అలాగే జరిగిందని నివేదికలు వచ్చాయి. నవ్వులు ఆగిపోయాయి. అతనికి ఎర్రంచు శాలువా కప్పారు.

అప్పటి నుంచి అతని పని అదే. అరెస్టయినవాడి పూస వస్తుంది. మనిషి రాడు, అవసరం లేదు. పూసలోని చప్పుళ్లలో కూర్చుని అతను ఒక్కదాన్ని ఏరుతాడు. ఆఖరి మేకు అది. బాగా దిగాలి. అలా అనుకునేవాడు. తాను కొట్టిన మేకులకు వాడలో ఆడవాళ్లు పటాలు తగిలించి దండలు వేసుకున్నారని ఇవాళ తెలిసింది.

తనలో ఏం కలుగుతోందో వెతికాడు. అది అతని వృత్తి. సిగ్గు? ఉందేమో, చాలా లోపల. సంతోషం? కాదు. ఎవరో చేసిన మేలుకు తనకు దండం పెడితే, అది నేను కాదని చెప్పలేక నిలబడినప్పటి అలసట. అంతకన్నా స్పష్టంగా ఏమీ దొరకలేదు.

*

స్వరశాలలో కామ్రేడ్ వనజాక్షి అతని గదిలోనే ఎదురుచూస్తోంది. ఆమె కొత్త అధిపతి. పాత అధిపతి కిందటి ఏరివేతలో పోయాడు. అతని ఆత్మవిమర్శకూ తడబాటు పోలినాయుడే పెట్టాడు. మనవరాలి పేరుకు ముందు చిన్న కూనిరాగం.

వనజాక్షి నోటితో మాట్లాడింది. ఇప్పుడు ఎవరైనా నోరు తెరిచారంటే విషయం పెద్దదని అర్థం.

"వాడల్లో ఆత్మవిమర్శ నాడు వంటలు చేస్తున్నారట, తెలుసా మీకు?"

"పొద్దున్నే తెలిసింది."

"విచ్ఛిన్నకారులకు ఆకులు వేసి సంతాపం చేస్తున్నారు. మన మాటలు ఒక్కరూ వినడం లేదు. మధ్యలో వచ్చే దగ్గు కోసం కూర్చుంటున్నారు, కదా? ఊఁ. సమితి నిన్న నిర్ణయించింది. తడబాటు తప్పుడు పంథా. ఇక ఉండదు."

"అది పెట్టమన్నది కూడా సమితే."

"అప్పుడు మీకు శాలువా కప్పిన సమితి ఇప్పుడు ఎక్కడుంది చెప్పండి? వాళ్ల పూసలన్నీ మీ చేతి మీదుగానే వెళ్లాయి." ఆమె గొంతులో బెదిరింపు లేదు. నిద్ర లేనితనం ఉంది. "చూడండి పోలినాయుడు గారూ, మిమ్మల్ని ఉంచుదామనే నా ప్రయత్నం. సాయంత్రం వెళ్లే రేవు మనిషిది మీ చేత్తోనే తుడిచేయండి. అదే మీ ఆత్మవిమర్శ అనుకుంటారు పైవాళ్లు. ఇకముందు ఆ చప్పుడు ఎక్కడా వినపడకూడదు. వినపడితే అది మీ నుంచే వచ్చిందంటారు. నేనేం చెయ్యలేను."

"తుడిచేస్తాను."

ఆమె తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఒక సంగతి చెప్పండి. ఊరికే అడుగుతున్నాను. నాకైతే ఏం పెట్టేవారు?"

అతను ఆలోచించనక్కరలేదు. "మీరు వాక్యం చివర 'కదా' అంటారు. ఎదుటివాళ్లు జవాబు చెప్పకముందే మీరే 'ఊఁ' అనుకుంటారు."

వనజాక్షి కాసేపు గడపను చూసింది. "మా నాన్న అలా అనేవాడు," అంది. "నాకూ ఉందని తెలియదు." తర్వాత, "ఇక ఆ అవసరం లేదు కదా," అని, ఆ 'ఊఁ'ను పెదవులు బిగించి మింగి వెళ్లిపోయింది.

పోలినాయుడు పలక ముందు కూర్చున్నాడు. దాని మీద దేముడి గొంతు గీతగా సాగుతోంది. 'మా అమ్మకి' అన్న చోటుకు ముందు ఇసుకలో పిల్లలు చేసిన గుట్టలా చిన్న ఉబ్బు. ఊపిరి. అతను దాన్ని ఒకసారి విన్నాడు. మళ్లీ విన్నాడు. ఒక మనిషి మొత్తం ఇందులో ఉన్నాడు: కాలిన నాలుక, పక్కన కూర్చున్న తల్లి, నవ్విన పెళ్లికూతురు. తను దీన్ని ఎంచుకున్నప్పుడు ఇవేవీ తెలియవు. చప్పుడు బాగుందని ఎంచుకున్నాడు.

వేలితో గుట్టను రాశాడు. గీత నున్నగా అయింది. తుడవడం ఇంత తేలికగా ఉండకూడదనిపించింది గాని, తేలికగానే ఉంది.

తన పూసలో ఏముంటుంది? ఇంటికి వెళ్తాడు, గడియ వేస్తాడు, పడుకుంటాడు. ఏరడానికి అందులో ఏమీ దొరకదు. దొరికినా వినేందుకు ఎవరూ కూర్చోరు.

*

సాయంత్రం వెళ్లకూడదనే అనుకున్నాడు. వాడలో నడుస్తుంటే చోడంబలి వాసన వచ్చింది. కాళ్లు చిలకమ్మ గుమ్మం దగ్గర ఆగాయి.

చిన్న గది. గోడకు వాడపెట్టె. దాని కింద అరిటాకు. ఆకులో అన్నం, ఎండునెత్తళ్ల కూర, పక్కన గిన్నెలో పొగలు కక్కుతున్న అంబలి. నలుగురైదుగురు ముసలమ్మలు గోడలకు ఆనుకొని ఉన్నారు. దేముడి భార్య లేదు. ఆమెను అతని వెనకే తీసుకుపోయారు.

"ఓలమ్మా, పక్కింటి బాబు కాళ్లతోనే వొచ్చినాడే! పూసనంపుతాడనుకున్నాను," అంది పారమ్మ. ముక్కెగబీల్చినవాడి తల్లి ఆమే.

"ఊరుకోవే పారీ. రా బాబూ, ఇలా కూకో," అని చిలకమ్మ తన వెనకే చాప సర్దింది.

పెట్టె గుర్రుమంది. గదిలో కదలికలు ఆగాయి.

"నేను, శ్రమజీవి, రేవు క్రేన్ల విభాగం, ప్రజల ముందు ఆత్మవిమర్శ చేసుకుంటున్నాను. నేను చాలా కాలంగా విచ్ఛిన్నకర ముఠాలో సభ్యుడిని. శ్రమను ద్వేషించాను. సమితి నన్ను నమ్మింది, నేను సమితిని మోసగించాను…"

ముసలమ్మలు వినడం లేదు. ఒకరు ఆకు మీద ఈగలు తోలుతున్నారు. చిలకమ్మ మెడ ముందుకు చాచి, పిల్లవాడు మొదటి అడుగు వేస్తుంటే చూసే తల్లిలా పెట్టెను చూస్తోంది.

"…నా నేరాలు తెలియని మా అమ్మకి నేను చెప్పేది ఒక్కటే. నన్ను మరిచిపో. సమితే నీ బిడ్డ…"

ఆమె మెడ అలాగే ఉంది. వాక్యం వెళ్లిపోయింది. ఇంకో వాక్యం వచ్చింది.

"ఊదనేదు," అంది చిలకమ్మ.

"ఊదుతాడు, ఉండొలే."

"అమ్మ అన్నాడు. అమ్మ అనీసినాడు. ఊదనేదు."

గదిలో చిన్న కలవరం. కాకి రాని నాడు పిండం చుట్టూ మొదలయ్యే కలవరమే అది.

"ఆడికేటో మనసులో ఉండిపోనాది," అంది పారమ్మ. "ఏటది? సెప్పండే. మాటివ్వండి. ఒరే దేముడూ, మీ యమ్మని నాను సూసుకుంటాన్రా. నా కంచంలోనే పెడతాను."

"నీ పెళ్లాం తిరిగొస్తే గుమ్మంలోకి రానిస్తామురా, ఎవులేటన్నా," అంది ఇంకొకామె.

పెట్టె ఏ తడబాటూ లేకుండా చదువుకుపోతోంది. నేరాలు అయిపోయాయి. సహచరుల పేర్లు మొదలయ్యాయి.

"నామీదేరా కోపం," అంది చిలకమ్మ. ఆమె ఇప్పుడు పెట్టెతోనే మాట్లాడుతోంది. "ఆ పొద్దు నాను సూసుకోనేదు. అంబలి అలా పెట్టీసి ఎల్లిపోకూడదు. అది కాదేటి? మరేటిరా? ఊదరా నాయినా. ఒక్కపాలి ఊదు. వీళ్లు తినాల. అందరూ పొద్దున్నుంచి పస్తున్నారు."

"పూర్వం కాకి రాకపోతే దర్భతో కాకిని సేసి ముట్టించీవోరు," అంది మూలన కూర్చున్న ముసలామె, ఎవరికీ కాకుండా. "దానికేటి తెలుసు, గడ్డికాకి. అయినా ముట్టినట్టే లెక్క."

పోలినాయుడు చిలకమ్మ వీపును చూస్తున్నాడు. మెడ ఎముకలు పైకి తేలి ఉన్నాయి. చనిపోయినవాడు అలిగాడని ఆమె నమ్మబోతోంది. ఇక బతికినన్నాళ్లూ నమ్ముతుంది. తడబాటు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో తనకు తెలియలేదు. తీసేసినప్పుడూ తెలియలేదు. మనుషుల లోపలి సంగతులు చదివానని శాలువా కప్పించుకున్నవాడు.

మెడలో పూస చల్లగా తగులుతోంది. అది దేన్నీ మరిచిపోదు. పెట్టెలో వచ్చేదాంట్లోంచి తుడిచినా, దేముడి ఊపిరి స్వరశాలలోని అతని పూసలో ఇంకా దాచి ఉంది. ఇక్కడ వినపడినదాన్ని దానితో పోల్చి చూస్తే చాలు. ఆ చప్పుడు ఈ లోకంలో తల్లికి తెలుసు, తుడిచినవాడికి తెలుసు. వనజాక్షి ఏమీ చెయ్యలేనని ముందే చెప్పింది.

"…నాకు విధించే శిక్ష ఏదైనా న్యాయమే. సమితి వర్ధిల్లాలి," అని దేముడి గొంతు ముగించింది.

ఇప్పుడు సిగ్గు విరామం. ప్రతి ఆత్మవిమర్శ తర్వాత, సమితి గీతం మొదలయ్యే లోపు, ప్రజలు విని సిగ్గుపడేందుకు కొన్ని క్షణాలు పెట్టెను ఊరికే ఉంచుతారు. అంబలి మీద పొగ పలచబడుతోంది. చిలకమ్మ చెయ్యి ఆకు అంచు దాకా వెళ్లి, ముట్టకుండా ఆగిపోయింది.

పోలినాయుడు ముందుకు వంగాడు. ఎండిన పెదవులను ఒకసారి తడుపుకున్నాడు. ఆమె చెవి పక్కగా, వేడి అంబలి మీద ఊదినట్టు, మెల్లగా ఊదాడు.